నకలు అనుకున్న ఆసుపత్రి

ఇండోనేషియాలోని యోగ్యకర్త నగరంలో, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో రెత్నోకి జాగ్రత్త మనిషని పేరు. ఆసుపత్రుల వెబ్‌సైట్లకు తగిలించే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఆమె చేతిలో ఉండేది. డయాలసిస్ రోగులు ఇంట్లోంచే తమ వంతు బుక్ చేసుకునేది దాంతోనే. ఏ చిన్న మార్పు చేసినా ప్రతి బటనూ తనే నొక్కి చూసుకునేది. అయినా కొత్త వెర్షన్ పంపిన రోజు అన్నం సహించేది కాదు. తన వల్ల ఎవరికో డయాలసిస్ కుర్చీ దొరకదేమోనని గుబులు.

ఆ గుబులు వదిలించుకుందామనే ఆటోమేటిక్ పరీక్షలకు పూనుకుంది. బ్రౌజర్ తనంతట తానే తెరుచుకుని, రోగిలాగే పేరు కొట్టి, వంతు తీసుకుని, అంతా సరిగ్గా నడుస్తోందో లేదో చెప్పాలి. అందుకని ఒక ఆసుపత్రి సైటుకు నకలు ఒకటి తయారుచేసి, ఉత్తుత్తి పేర్లతో నింపింది. పరీక్షకు ముందు పాత బుకింగులన్నీ తుడిచేయమని కూడా రాసింది.

ఒక పొద్దున పరీక్ష నడిపించింది. తెర మీద వంతులు వరసగా మాయమవుతుంటే ముచ్చటగా చూస్తూ కూర్చుంది. అంతలో ఒక పేరు కనబడింది. సుమియాతి. అది తను పెట్టిన పేరు కాదు.

రెత్నో గబుక్కున సెట్టింగులు తెరిచింది. అక్కడ నకలు చిరునామా ఉండాల్సిన చోట అసలు ఆసుపత్రిది ఉంది. మార్చడం మరిచిపోయింది. ఆపేసేలోగా ఆ రోజు వంతులు సగం పోయాయి. పోయిన ప్రతిదానికీ రోగి ఫోనుకు రద్దయిందని మెసేజ్ వెళ్ళిపోయింది.

పక్క బల్ల దగ్గర పనిచేసే దనాంగ్ వైపు తెర తిప్పింది. అతను చూసి, దాచి ఉంచిన బ్యాకప్ కాపీ నుంచి వంతులు తిరిగి పెట్టాడు. ఆసుపత్రికి ఫోన్ చేసి చెబితే అక్కడి నర్సు ఎండాంగ్ కోప్పడలేదు. రెత్నోకి అదే మరింత భయం వేసింది. రోగులందరికీ ఫోన్లు చేశారు. సుమియాతి మాత్రం ఎత్తలేదు.

"పోయినసారి కూడా ఆవిడ రాలేదు, అక్కా. ఇవాళా తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు," అంది నర్సు.

నర్సు చెప్పిన గుర్తులతో రెత్నో వానలోనే స్కూటర్ మీద, సుమియాతి ఊరున్న గునుంగ్‌కిదుల్ కొండలెక్కింది. తలుపు తట్టి లోపలికి అడుగుపెట్టింది. లోపల సుమియాతి చాప మీద గోడకు ఆనుకుని ఆయాసపడుతోంది. పాదాలు వాచిపోయాయి. ఫోను చార్జింగు అయిపోయి పక్కన పడి ఉంది.

"ఆ మెసేజ్ తప్పు, అమ్మా. నా పొరపాటే. మీ కుర్చీ మీకే ఉంది, రండి."

"సగం దారిలో బస్సు దిగి వెనక్కొచ్చేశానే పిల్లా. మీరే వద్దంటారు, మీరే రమ్మంటారు."

ఆమె స్కూటర్ మీద కూర్చునే స్థితిలో లేదు. పక్కింటాయన కూరగాయల వ్యాను తీశాడు. దారంతా రెత్నో ఆమె వీపు నిమురుతూ ఆ ఊపిరే వింటూ కూర్చుంది. అది కాస్త ఆగినప్పుడల్లా తన ఊపిరీ ఆగేది. ఆసుపత్రిలో యంత్రం తిరగడం మొదలయ్యాక, సాయంత్రానికి ఆయాసం తగ్గింది.

పరీక్షల్ని మానేద్దామనుకుంది గానీ మానలేదు. ముందుగా సైటు చిరునామా చూసి, అది నకలు కాకపోతే అక్కడే ఆగిపోయేలా రాసింది. నకలు నుంచి ఏ మెసేజూ బయటకు పోకుండా కట్టేసింది. ఆ తర్వాత ఆ పరీక్షలు ఎన్నో తప్పులు ముందే పట్టుకున్నాయి. అయినా నడిపించే ముందు ఆమె చిరునామా పైకి చదువుతుంది. మొదట్లో "ఏంటి, ప్రార్థనా?" అని ఏడిపించిన దనాంగ్ ఇప్పుడు తనూ లేచొచ్చి చూస్తాడు.

సుమియాతి ఇప్పుడు మెసేజులు నమ్మదు. వంతు ఉన్న రోజు పొద్దున్నే రెత్నోకే ఫోన్ చేస్తుంది.

"నిజంగానే రమ్మంటారా?"

రెత్నో లేచి, ఆసుపత్రి సైటు తెరిచి, ఆ పేరు కళ్ళారా చూశాకే రమ్మంటుంది.