ఎస్తేరు టీచర్ గారు చూపించిన మూకీ

నిన్న మధ్యాహ్నం మంగళగిరి హాస్టల్ నుంచి మా అమ్మాయి జెస్సీ వీడియో కాల్ చేసింది. "బాగానే ఉన్నానమ్మా" అంటూండగా మాట పోయింది, బొమ్మ మిగిలింది. పెదవులు నవ్వుతున్నాయి, కళ్ళు మాత్రం నావైపు రావడం లేదు. వెంటనే ఎస్తేరు టీచర్ గారు గుర్తొచ్చారు.

పెళ్ళైన కొత్తలో గుణదలలో వాళ్ళ మేడ మీద అద్దెకుండేవాళ్ళం. రిటైరైన ఇంగ్లీషు టీచరు, సినిమా పిచ్చి ఎక్కువ. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలయ్యాక, కిటికీలకు దుప్పట్లు కట్టి ఇరుగుపొరుగును కూర్చోబెట్టి సినిమా వేసేవారు. ఒకే కథ రెండుసార్లు చూపించడం ఆవిడ అలవాటు. ముందు మూకీ, తర్వాత అదే కథతో తీసిన టాకీ. మూకీలో మధ్యమధ్య వచ్చే ఇంగ్లీషు అక్షరాల్ని తనే తెలుగులో చదివేవారు. మాకు కునికిపాట్లు వచ్చినా వదిలేవారు కాదు.

ఓసారి ఏదో విదేశీ హత్య కథ. భర్తే హంతకుడని భార్యకు తెలిసేచోట మూకీలో పెద్దగా ఏమీ జరగదు. అతను చేతులు కడుక్కుంటాడు, మళ్ళీ కడుక్కుంటాడు. వడ్డిస్తున్న ఆవిడ చెయ్యి ఆగిపోతుంది. అంతే. టాకీలోనైతే ఆవిడ "నువ్వే చంపావు!" అని కేక పెడుతుంది, వెనక వయొలిన్ల హోరు.

"మాటలున్నదే నయమండీ, అంతా అర్థమైంది" అన్నాను.

"మొదటిది అర్థం కాలేదా? మరి నా చెయ్యి అంత గట్టిగా పట్టుకున్నావేమే?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. "ఒంట్లో ఎలా ఉంది నీకు?"

నాకప్పుడు ఏడో నెల. "బాగానే ఉన్నానండీ, కాస్త తలనొప్పి."

"మాటలొచ్చాక జనం చూడటం మానేశారమ్మా" అంటూ నా చెయ్యి పట్టుకున్నారు. వాపుకి గాజులు చర్మంలోకి దిగబడి ఉన్నాయి. సినిమా ఆపేసి ఆటో పిలిపించారు. దారంతా నేను బాగానే ఉన్నానంటూనే ఉన్నాను, ఆవిడ వినిపించుకోలేదు. బీపీ చూసిన డాక్టరమ్మ, తెల్లారేదాకా ఆగి ఉంటే తల్లీబిడ్డా దక్కేవాళ్ళు కాదంది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. జెస్సీ పిల్లికూనంత ఉంది. ఆవిడ లేకపోతే మేమిద్దరం లేము.

టీచర్ గారు పోయి చాలా ఏళ్ళయింది. నిన్న మా ఆయన "సిగ్నల్ పోతే ఇంత కంగారేంటి, బాగానే ఉన్నానందిగా" అని విసుక్కున్నారు. మంగళగిరి బస్సెక్కాను. రాకూడనివన్నీ బుర్రలోకొచ్చాయి.

హాస్టల్ గుమ్మంలో జెస్సీ నన్ను చూసి తెల్లబోయింది. బాగా చిక్కింది.

"ఎందుకొచ్చావమ్మా? ఇందాకేగా మాట్లాడుకున్నాం!"

"మాట్లాడుకున్నాంలే. చూడాలనిపించింది."

అది నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఏమైందని నేను అడగలేదు. బట్టలు సర్దుకో, ఇంటికి పోదాం అన్నాను.