సీబ్ వర్క్‌షాప్‌లో పైపులు మార్చి వెళ్లిన మా సలీం భాయ్

నిన్న పొద్దున కడప నుంచి ఫోన్ వచ్చింది. సలీం భాయ్ కొడుకు రఫీ.

"చాచా, అబ్బా పోయినాడు" అన్నాడు.

పోయిన వారమే గదా మాట్లాడింది! జగిత్యాల నుంచి నేను వెళ్లేసరికి ఖననం అయిపోతుందని రఫీయే చెప్పాడు. అలాగే అయింది. ఆఖరి చూపు దక్కలేదు.

నా ఎడమ కన్ను ఎలా పోయిందని మీలో చాలామంది అడిగారు. మెషిన్ యాక్సిడెంట్ అని దాటేసేవాణ్ని. మొత్తం చెబితే భాయ్‌ను తప్పుగా అనుకుంటారేమోనని.

ఇవాళ చెబుతాను.

డెబ్బైల్లో మేమిద్దరం ఒమన్‌లో, సీబ్ దగ్గర ఒక వర్క్‌షాప్‌లో పనిచేశాం. లారీలు, పికప్‌ల రిపేరు. ఆయన ఫిట్టర్, నేను పెయింటర్. ఒకటే రూమ్. భాయ్ చేసే చింతపండు పచ్చిపులుసు కోసం పక్క రూమ్ మలయాళీలు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు.

షెడ్డు మూలన పెద్ద ఎయిర్ కంప్రెసర్ ఉండేది. దాని నుంచి గోడ పొడవునా ఇనుప పైపులు. సముద్రపు గాలికీ, లోపల చేరే నీటికీ అవి తుప్పు పట్టిపోయాయి. నేను స్ప్రే కొడితే రంగుతో పాటు తుప్పునీళ్లు పడేవి. వేసిన డోర్‌కే మళ్లీ రంగు వేయాలి.

మేనేజర్ తెలుగువాడే. పక్క సైట్‌లో మిగిలిన ప్లాస్టిక్ పైపులు తెప్పించి, ఇనుపవి తీసి ఇవి బిగించమన్నాడు.

"సార్, ఇవి నీళ్లకు. గాలి ప్రెజర్‌కు ఆగవు. పగిలితే గాజుపెంకుల మాదిరి ఎగురుతాయి" అన్నాడు సలీం భాయ్.

"నీ పాస్‌పోర్ట్ నా దగ్గరుంది. బిగిస్తావా, ఇంటికి పోతావా?"

ఇంట్లో సంపాదించేది ఆయనొక్కడే.

బిగించాడు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తుప్పు లేదు, నీళ్లు లేవు. మేనేజర్ వచ్చినవాళ్లందరికీ ఆ పైపులు చూపించేవాడు. భాయ్ మాత్రం "దాని కింద నిలబడొద్దప్పా" అనేవాడు. కానీ నా పని జాగా అదే.

ఒక మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డు ఎండకు కాలిపోతోంది. స్ప్రే గన్ చేతిలో ఉంది.

ఢామ్మని మోత.

ముఖం మీద చెయ్యి పెట్టుకుంటే వేడిగా రక్తం. భాయ్ తన చొక్కా విప్పి నా తలకు కట్టి, పికప్‌లో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారి పొడవునా "యా అల్లా, యా అల్లా" అంటూనే ఉన్నాడు.

నేను ఆసుపత్రిలో ఉండగా జరిగింది తర్వాత రూమ్‌వాళ్లు చెప్పారు.

మేనేజర్ భాయ్‌ను పిలిచి, "మల్లేశం పైపుకు జాకీ తగిలించాడని చెప్పు. నీకేం కాదు" అన్నాడట. అలా చెబితే తప్పు నాది అవుతుంది. వైద్యం కూడా లేకుండా నన్ను ఇంటికి పంపేయొచ్చు.

మా అర్బాబ్, అంటే ఒమానీ ఓనరు, వచ్చి అందరి ముందూ అడిగాడు. ఆయనకు ఉర్దూ వచ్చు. సలీం భాయ్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "వేయమన్నది మేనేజర్, వేసింది నేను, మల్లేశం పైపు ముట్టుకోలేదు" అన్నాడట.

"పగులుతుందని నీకు తెలుసా?" అని అడిగాడు అర్బాబ్.

"తెలుసు" అన్నాడట.

ఆ ఒక్క మాటకు ఆయన ఉద్యోగం పోయింది. నా వైద్యం కంపెనీయే చేయించింది, నా పని నాకు ఉంది. మేనేజర్ అదే కుర్చీలో ఉన్నాడు.

భాయ్ అర్బాబ్‌ను ఒక్కటే అడిగాడు. "పోతాను. నా చేత్తో పెట్టింది నా చేత్తోనే తీసి పోతాను."

మత్రా బజారు నుంచి కొత్త ఇనుప పైపులు వచ్చాయి. అప్పటికి నేను కంటికి కట్టుతో తిరిగొచ్చాను. స్టూల్ మీద కూర్చుని చూశాను. ప్లాస్టిక్ అంతా ఊడదీశాడు. ఇనుప పైపుల చివర మరలు కోసి, గాలి కారకుండా జనపనార చుట్టి, ఒక్కొక్కటీ బిగించాడు. లోపలి నీళ్లు ఒక వైపుకు దిగేలా వాలుగా వేసి, ఆ చివర కుళాయి పెట్టాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

పని అయ్యాక, "అందరూ బయటికి పోండప్పా" అన్నాడు.

కంప్రెసర్ ఆన్ చేశాడు. ప్రెజర్ ఎక్కుతోంది. ఆయన ఒక్కడే లోపల, ప్రతి జాయింట్‌కూ సబ్బునీళ్లు పూస్తూ, బుడగలు వస్తాయేమోనని ముఖం దగ్గర పెట్టి చూస్తున్నాడు.

"భాయ్! నువ్వు గూడ బయటికి రా!" అని అరిచాను.

రాలేదు.

ఆయన లీకేజీ మాత్రమే చూడటం లేదని, తనకూ ఏదో తగలాలని ఎదురుచూస్తున్నాడని నాకు అనిపించింది. కన్ను పోయిన రోజు కూడా అంత భయపడలేదు.

ఏమీ కాలేదు. బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "ఇంక పని చేసుకోప్పా" అన్నాడు. ఆ వారంలోనే విమానం ఎక్కించారు.

నేను సెలవుకు వచ్చినప్పుడు వెతుక్కుంటూ మా ఊరొచ్చాడు. మా అమ్మ అన్నం పెట్టింది. నా ముఖం చూసి ముద్ద ఎత్తలేకపోయాడు.

"కన్నువోతె పోయింది బిడ్డా. నువ్వు అబద్ధమాడితె వీని బతుకే పోతుండె. తిను" అంది అమ్మ.

ఏడుస్తూనే తిన్నాడు.

తర్వాత ఇన్నేళ్లలో నేనూ అదే మాట ఎన్నోసార్లు చెప్పాను. నువ్వు నిజం చెప్పబట్టే నేను బతికిన భాయ్ అని.

"నిజం తర్వాత చెప్పినాప్పా. ముందు బిగించినా" అనేవాడు.

బిగించమన్నవాడు హాయిగా రిటైరయ్యాడని విన్నాను. ఈయన మాత్రం పోయిన వారం ఫోన్‌లో కూడా ముందు అడిగింది "ఉన్న కన్ను బాగుందా?" అనే.

బాగుంది భాయ్. నిన్నటి నుంచి ఆగకుండా కారుతోంది, అంతే.

నిన్ను నువ్వు నిలదీసుకున్నంత గట్టిగా ఆ పైవాడు నిలదీయడు. నెమ్మదిగా పడుకో.

నీ మల్లేశం