ఏడు నీళ్ళ పిన్ని

మిల్లు క్యాంటీన్‌లో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. వంటమేస్త్రీ దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆవిడ ఏడు నీళ్ళ పిన్నే. పచ్చిగా తినే ఆకుల్ని ఏడుసార్లు జాడిస్తే గానీ బల్ల మీదికి పోనివ్వదు. పెళ్ళయిన కొత్తలో మొగుడు, "నన్నెన్ని నీళ్ళలో ముంచుతావే?" అని ఆటపట్టించేవాడట. ఇరవై రెండేళ్ళలో ఒక్క ఇసుక రేణువు ఎవరి పంటి కిందా పడలేదు. ఆ మాట ఎవరైనా అంటే పిన్ని వినిపించుకోనట్టే ఉండేది గానీ, ఇంకోసారి అనేదాకా అక్కణ్ణుంచి కదిలేది కాదు.

ఇంతా చేస్తే ఉన్నవి మూడే తొట్లు. ఒక వాయి జాడించిన ఆఖరి నీళ్ళు తేటగానే ఉంటాయి కదా, వాటిని పారబోయడానికి ఆవిడకు మనసొప్పేది కాదు. తర్వాతి వాయికి అవే మొదటి నీళ్ళు. ఇక చేతులంటారా, పొద్దస్తమానం నీళ్ళలోనే నానుతున్న చేతులకు మళ్ళీ సబ్బెందుకని ఆవిడ వాదన. ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఒక సోమవారం పిన్ని వాంతులు, విరేచనాలతో ఇంట్లో పడి ఉంది. మంగళవారానికి తెరిపిన పడింది. బుధవారం పనిలోకి వచ్చేసి, మోకాలి నొప్పని చెప్పింది. తను లేకపోతే ఆకుల్ని పైపైన తడిపి తీసేస్తారని ఆవిడ బెంగ. శుక్రవారానికి మిల్లులో నలభై మంది మంచం పట్టారు.

శనివారం ఆరోగ్యశాఖ నుంచి ఒకమ్మాయి వచ్చి, వంటింటి వాళ్ళందరినీ నిలబెట్టి, "ఈ వారంలో మీలో ఎవరికైనా వాంతులయ్యాయా?" అని అడిగింది. వంటమేస్త్రీ లేదన్నాడు. పిన్ని కూడా లేదంది.

"ఇది వైరస్ అండీ," అంది ఆ అమ్మాయి ఓపిగ్గా. "మట్టిలాగా కడిగితే పోదు. ఆకు మీద సన్నటి రంధ్రాలుంటాయి, కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయి. వాటిని పట్టుకుని ఉండిపోతుంది. జబ్బు తగ్గినా కొన్నాళ్ళు ఆ మనిషి చేతుల ద్వారా అంటుతుంది. ఒక్క ఆకుకి అంటినా చాలు, అవే నీళ్ళలో పడ్డవాటికీ అంటుకోవచ్చు."

బుధవారం తను ఆకులు జాడించిన నీళ్ళు పిన్నికి గుర్తొచ్చాయి. అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఇన్నేళ్ళ పేరు ఒక్క మాటతో మట్టిలో కలిసిపోతుందని భయపడింది. దాంతో అనుమానం ఆకులు తెచ్చే తోట అతని మీదికి పోయింది. అతని బావి నీళ్ళు పరీక్షకు పట్టుకెళ్ళి, ఫలితం వచ్చేదాకా ఆకులు తేవద్దన్నారు. పిన్ని తలవంచుకుని ఇంటికి పోయింది. సిగ్గుతో చేతులు సబ్బు పెట్టి తోమి తోమి ఎర్రగా చేసుకుంది.

సోమవారం పొద్దున్నే తోట అతను వెనక గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బుట్ట లేదు.

"నా మూలంగా నీకు చెడ్డపేరొచ్చింది పిన్నీ," అన్నాడు. "నువ్వెంత జాగ్రత్తగా కడిగితే మాత్రం ఏం లాభం, నా ఆకుల్లోనే ఉందంటున్నారు. ఒక మాట చెప్పి పోదామని వచ్చాను."

పిన్ని ఇంక తట్టుకోలేకపోయింది.

"నీ ఆకుల్లో ఏం లేదు తమ్ముడూ. వాంతులైంది నాకు. ఆ చేతులతోనే కడిగాను. అడిగితే లేదని అబద్ధం చెప్పాను."

అతను గడప మీద కూర్చున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేదని పిన్నికి అనిపించింది.

"నిన్న ఆకుమళ్ళన్నీ పీకేశాం పిన్నీ," అన్నాడు. "ఇంకెవరికీ జబ్బు చేయకూడదని. నేనూ, మా ఆవిడా. శనివారమే చెప్పుంటే ఆగేవాళ్ళం."

పిన్ని మేనేజరు గదికేసి నడిచింది. అతను వెంట రాలేదు.