యార్క్ గోడ మీద అక్క బూట్లు

ఎండాకాలం వస్తే మా మేడమ్ వాళ్ళు లండన్ వెళ్ళేవారు. ముసలి తల్లిని చూసుకోవడానికి పనివాళ్ళలో ఒకరిని వెంట తీసుకెళ్ళేవారు. అరబ్బు దేశంలో, అల్ ఘర్రాఫాలోని ఆ ఇంట్లో పనికి ఉన్నది ఇద్దరమే, నేనూ, రాయచోటి అక్కా. ఆ ఏడు అక్క వంతు.

అక్కకు ఆ దేశం పిచ్చి. పిల్లల గదిలోని బొమ్మల పుస్తకం ఒకటి పక్కన తెరిచి పెట్టుకుని ఇస్త్రీ చేసేది. అందులో యార్క్ ఊరి చుట్టూ పాతకాలపు కోట గోడ, దాని మీద నడిచే మనుషులు. "ఆ గోడ మీద ఒక్క సుట్టు తిరిగితే సాలు మే నాకు," అనేది. దానికోసమే బూట్లు కూడా కొనుక్కుంది.

టికెట్లు తీసే ముందు మేడమ్ నన్ను వంటింట్లో అడిగింది. రోజూ రైలెక్కి ఒక ఊరు వెళ్ళాలి, దిగి సాయంత్రం దాకా నడవాలి, అక్క నడవగలదా అని. నా నోరు పడిపోను! "ఆమెకు మోకాళ్ళ నొప్పులు, మీకు చెప్పుకోలేదు," అన్నాను. అక్కకు ఏ నొప్పీ లేదు. నాకు వెళ్ళాలని ఉండింది, అంతే.

మేడమ్ అక్కను వద్దని నన్ను రమ్మంది. అక్క తన బూట్లు తానే నా పెట్టెలో పెట్టింది. నాకు ఒక సైజు పెద్దవని ముందు వైపు గుడ్డపేలికలు కూడా కుక్కింది.

బాత్, చెస్టర్ తిరిగాం. రాళ్ళు పరిచిన సందుల్లో ముసలామె చక్రాల కుర్చీ తోసి తోసి నా చేతులు బొబ్బలెక్కాయి. యార్క్‌లో గోడ ఎక్కడానికి మెట్లు, కుర్చీ ఎక్కదు. "యల్లా, నువ్వు చూసి రా," అంది మేడమ్. ఎక్కాను. ఒక పక్క పెద్ద చర్చి గోపురాలు, ఇంకో పక్క పచ్చిక. ఎంత బాగుందో! కానీ అడుగు వేస్తే చాలు, లోపలి గుడ్డపేలికలు వేళ్ళకు తగిలేవి. సిగ్గుతో చచ్చిపోయాను. సగంలోనే దిగేశాను.

తిరిగొచ్చిన రోజే అక్క ముందు కూలబడి జరిగిందంతా చెప్పేశాను.

"తెలుసులే మే. ఆ పొద్దు తలుపు యెనకాలే ఉండా," అంది అక్క, బూట్లు తిరగేసి అడుగులు చూసుకుంటూ. "అది పోనీ. నా బూట్లన్నా సుట్టు పూర్తిగా తిరిగినాయా?"

"లేదక్కా. సగంలోనే దిగేశాను."

అక్క అప్పుడు ఏడ్చింది.