పావురం బరువు తగ్గించిన వైనం

ఈ కథలో ప్రాణనష్టం లేదు, దేవుడికి స్తోత్రం. పరువునష్టం మాత్రం బందరు నుంచి గుడివాడ దాకా పరుచుకుని ఉంటుంది. నష్టపోయింది నేనే కాబట్టి మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు.

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువగా ఉండేదని అమ్మే వంటగదిలో పలక పెట్టి అక్షరాలు దిద్దించింది. తిరగమోత చిటపటల మధ్య ఎక్కాలు వచ్చాయి, పప్పు ఉడికేలోగా ఇంగ్లీషు వచ్చింది, పదో తరగతి ప్రైవేటుగా కట్టి గట్టెక్కాను. ఆయాసం పోయింది గానీ దాని స్థానంలో ఇంకో జబ్బు పట్టుకుంది. ఇంట్లో కూర్చుని నేర్చుకోలేని విద్య లోకంలో లేదన్న గర్వం.

మా మందిరంలో ముందు వరుసలో కూర్చునే సుగుణమ్మత్తకి ఈ గర్వం అస్సలు పడదు. ఆవిడ మాకు చుట్టమేమీ కాదు, ఊరందరికీ అత్తే. "ఇంటి చదువు గడప దాటదే కృపమ్మా" అనేది కనిపించినప్పుడల్లా. ఆ మాట నా గొంతులో చేప ముల్లులా ఇరుక్కుపోయింది. అన్నం ముద్ద మింగినా దిగలేదు, ప్రార్థన చేసినా దిగలేదు.

గడప దాటే అవకాశం ఒక వేసవిలో వచ్చింది. గుడివాడ అవతల, పామిడిముక్కల వెళ్ళే దారిలో, మినుము తీసేసిన చేలో కొందరు కుర్రాళ్ళు నేల చదును చేసి, మలుపుల్లో గడ్డిమోపులు పేర్చి, పాత కార్లకి పందెం పెట్టారు. ఒక్కొక్క కారూ విడిగా రెండు చుట్లు తిరగాలి. తక్కువ సమయంలో తిరిగినవాళ్ళకి కప్పు. ఆడవాళ్ళకి వేరే కప్పు. డ్రైవింగు నాకు బాగానే వచ్చు. అదీ నాన్న ఇంటి దగ్గర నేర్పిందే. ఆ కప్పు తెచ్చి సుగుణమ్మత్త ఒళ్ళో పెట్టాలనిపించింది. మనసులో పెట్టేశాను కూడా.

కారు నాన్నది. తెల్లటి చిన్న కారు, పేరు పావురం. నాగాయలంకలో రొయ్యల వ్యాపారం చేసినన్నాళ్ళూ నాన్న దాని వెనక ఐసు ట్రేలు పేర్చి తిప్పాడు. వ్యాపారం మానేసి బందరు వచ్చేశాక పావురం భక్తిమార్గం పట్టి, ఆదివారం మందిరానికి మాత్రమే కదిలేది. వాసన మాత్రం పాత జీవితానిదే.

"నాన్నా, పందేనికి పావురాన్ని ఇస్తావా?"

"ఇస్తాను గానీ, ముసలిదైపోయిందమ్మా. పరిగెత్తలేదు."

"నేను పరిగెత్తిస్తానుగా. ఇంజను జోలికి వెళ్ళను. బరువు తగ్గిస్తాను."

"ఏం, ఉపవాసం ఉంచుతావా?"

ఆ మాట నిజమే. ఆ నెలంతా పావురం చేత కఠోర ఉపవాసం చేయించాను. నా గురువు ఫోను వీడియోల్లో ఉండేవాడు. ఏ దేశంవాడో తెలియదు, మాట సగమే అర్థమయ్యేది, కానీ చేతులు మాత్రం స్పష్టంగా కనిపించేవి. అతను తన పాత కారులో పనికిరానిదని తోచిన ప్రతిదీ పీకేవాడు. నేనూ పీకాను. వెనక సీటు, స్టెప్నీ, జాకీ, పాటల పెట్టె, తలుపుల లోపలి అట్టలు, పైకప్పుకి అతికించిన గుడ్డ, చివరికి ఎండకి అడ్డం పెట్టుకునే రేకులు కూడా. పీకిన ప్రతి వస్తువునీ నాన్న పాత రొయ్యల కాటాకి తగిలించి తూచేదాన్ని. ముల్లు కిందికి దిగినప్పుడల్లా "స్తోత్రం!" అనేదాన్ని.

మా ఆయన వరండాలో నిలబడి చూసేవారు. ఆయన మితభాషి. ఒకరోజు ఉండబట్టలేక, "కృపా, ఇది కారును బాగు చెయ్యడమా, కోడిని ఒలవడమా?" అన్నారు.

"రేసు కార్లంటే ఇలాగే ఉంటాయండీ."

"మరి ఇది రేసు కారు కాదు కదా."

"అవుతుంది. విశ్వాసం ఉంచండి."

చివరికి మిగిలింది అడుగుభాగం. తివాచీ లాగేస్తే కింద నల్లగా, మందంగా తారు. నా గురువుగారి కారులోనూ అలాంటిదే ఉంది. శబ్దం రాకుండా వేస్తారట. అతను ఉలి పెట్టి దాన్ని పెళ్ళలు పెళ్ళలుగా లేపితే కింద రేకు వెండిపళ్ళెంలా తళతళలాడింది. నేనూ ఉలీ సుత్తీ పట్టుకుని కూర్చున్నాను. తారు లేచింది. దాంతోపాటు ఎర్రటి పొడి కూడా లేచింది. పాత రంగు కాబోలనుకున్నాను. ఇంకాస్త గీకితే అక్కడక్కడా చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపించింది.

మా ఆయన వంగి చూశారు. "ఏమే, కింద చీమలు నడుస్తూ కనిపిస్తున్నాయి."

"చిల్లులండీ అవి! పెద్ద పెద్ద రేసు కార్లకి బరువు తగ్గాలని కావాలనే చిల్లులు వేస్తారు. వాళ్ళు పని పెట్టుకుని వేయించుకునేవి మనకి వాటంతటవే వచ్చాయి!"

చదువుతున్నవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగి నన్ను తిట్టుకోవచ్చు. తుప్పు కనిపిస్తే భయపడాలని పసిపిల్లకైనా తెలుసు. నాకేమో చిన్నప్పటి నుంచీ ఏం కనిపించినా ముందు కృతజ్ఞత చెప్పడం అలవాటు. కన్ను తర్వాత చూస్తుంది, నోరు ముందే "వందనాలు" అంటుంది. ఆరోజు నేను తుప్పుకి వందనాలు చెప్పాను. ఆ తారూ పొడీ కలిపి బస్తాకెత్తి కాటాకి తగిలిస్తే, వెనక సీటు కన్నా ఎక్కువ తూగింది. ఆ ఆనందంలో నేను చేసిన పని పావురానికి చేసిన పనికన్నా ఘోరం.

ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. "దేవుడు నాకు ఇవ్వబోతున్న విజయం కోసం, పందెం అయిన సాయంత్రమే మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడుతున్నాం. అందరూ రావాలి. భోజనాలు కూడా అక్కడే." ఆలు లేదు, చూలు లేదు, అల్లుడికి బిరియానీ అన్నట్టుంది నా వరస.

పాస్టరుగారు బయట నన్ను ఆపారు. "కృపమ్మా, కూడిక గెలిచాక కదమ్మా పెట్టుకునేది?"

"విశ్వాసమంటే ముందే నమ్మడం కదా అయ్యగారూ."

"దేవుణ్ణి నమ్మమ్మా, వద్దనను. కారును నమ్మి, ఆయన్ని హామీ ఉండమంటున్నావు నువ్వు."

సుగుణమ్మత్త పక్కనే ఉంది. "కానీండి అయ్యగారూ, ఇంటి చదువు ఏపాటిదో పొలంలో చూద్దాం. నేనైతే పొద్దున పందేనికీ వస్తాను, రాత్రి బిరియానీకీ వస్తాను."

ఆవిడ ఒక్కతే రాలేదు. స్త్రీల సమాజం మొత్తం రెండు ఆటోల్లో దిగింది. పావురాన్ని మాత్రం నడపకుండా వ్యానులో ఎక్కించి తెచ్చాం. పెళ్ళికూతురు మండపానికి నడిచి రాదు కదా! పందెంవాళ్ళు బ్రేకులు చూశారు, హెల్మెట్టు చూశారు, బెల్టు చూశారు. కింద చూడలేదు. అడుగు లేని కారులో ఎవరైనా పందేనికి వస్తారని పాపం వాళ్ళు మాత్రం ఎలా ఊహిస్తారు?

మైకులో, "తరువాత, బందరు నుంచి కృపగారు!" అన్నారు. మా స్త్రీల సమాజం చప్పట్లు కొట్టింది. కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని పావురాన్ని వదిలాను.

అబద్ధం చెప్పను, మొదటి చుట్టు అద్భుతం. పావురం నిజంగానే ఎగిరింది. మలుపులు వెన్నలా తిరిగాయి. మైకాయన గొంతు పెంచి, "ఇప్పటిదాకా ఆడవాళ్ళలో ఇదే మంచి సమయం!" అని అరిచాడు. నేను కప్పుని సుగుణమ్మత్త ఒళ్ళో ఎటు తిప్పి పెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

రెండో చుట్టు చివరి మలుపులో చదును చెయ్యడం మరిచిపోయిన చిన్న గట్టు ఒకటుంది. మొదటిసారి దాన్ని దాటినప్పుడు "కిర్రు" మంది. రెండోసారి "కిర్రు" మనలేదు. "ఫట్" మంది.

ముందు నా సీటు వెనక్కి వాలింది. ఎదురుగా ఉన్న పొలం మాయమై అద్దం నిండా ఆకాశమే కనిపించింది. భక్తురాలివి కదా, ఆకాశం కనిపిస్తే మంచిదేగా అనకండి. ఆ క్షణంలో నాకు నేలే కావాలనిపించింది. ప్రార్థన వెంటనే ఫలించింది. నా పాదాల కింద రేకు ఊడిపోయి, నేల తానే లోపలికి వచ్చింది. క్లచ్చు మీది కాలు జారింది, ఇంజను ఒక్క కుదుపుతో ఆగిపోయింది. దుమ్ము తగ్గాక చూసుకుంటే, గెలుపు గీత పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాణ్ణి గురించి విన్నాం. కూర్చున్న నేలని గీక్కున్నదాన్ని నేనే.

మైకాయన కంగారుపడ్డాడు. "అమ్మా, మీరు బండిలోంచి దిగండి!"

"దిగే ఉన్నానండీ!" అని అరిచాను. "నేలమీదే ఉన్నాను. చుట్టూ బండి ఉంది!"

జనం నవ్వు గుడివాడ స్టేషను దాకా వినపడి ఉంటుంది. అప్పుడు నాకు రోషం వచ్చింది. బిరియానీకి చెప్పేశాను. సాక్ష్యం ఇచ్చేశాను. గేరు తీసేసి, బెల్టు విప్పి, స్టీరింగు పట్టుకుని, చిల్లులోంచి రెండు కాళ్ళతో నేలని తన్ని నెట్టడం మొదలుపెట్టాను. అన్నీ పీకేశాను కదా, పావురం కదిలింది! జానెడు. మళ్ళీ జానెడు.

అంతలో వెనకనుంచి ఒక గొంతు. "ఆగవే పిచ్చిదానా, కాళ్ళు తెగుతాయి! కాళ్ళు పైకి పెట్టు, మేం నెడతాం!"

సుగుణమ్మత్త! చీర కుచ్చిళ్ళు ఎగదోపి, వెనకాల సమాజం మొత్తాన్ని వేసుకుని చేలో పడి పరిగెత్తుకొస్తోంది. అందరూ ఒక్క ఊపున నెట్టారు. నేను కాళ్ళు ముడుచుకుని, ఊగే సీటులో ఉయ్యాల్లో పసిపిల్లలా కూర్చుని గెలుపు గీత దాటాను.

మైకాయన పుస్తకంవైపూ మావైపూ చూశాడు. "అమ్మా, ఇది కార్ల విభాగమండీ. పల్లకీల విభాగం పెట్టలేదు."

నాన్న రొప్పుతూ వచ్చి, కారు లోపలికి తొంగి చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, తారు గీకేశావా! రొయ్యల నీళ్ళ ఉప్పు తినేసి రేకంతా పోయిందని, ఆ తారు నేనే పోయించానమ్మా. ఇన్నాళ్ళూ దాన్ని నిలబెట్టింది ఆ తారే."

"ముందే చెప్పొచ్చు కదా నాన్నా!"

"నువ్వు ఏది బరువో తూచి చూపించావు గానీ, ఏది ఆధారమో అడగలేదు కదే!"

పాఠం అక్కడే అర్థమైంది. నా గురువుగారి ఊళ్ళో రొయ్యలు లేవు.

ఆ సాయంత్రం కూడికకి పిలవనివాళ్ళు కూడా వచ్చారు. డేగిసా మూత తియ్యకముందు పాస్టరుగారు లేచి నిలబడ్డారు. నవ్వు ఆపుకుంటున్నారని భుజాలు చెబుతున్నాయి. చివరికి అన్నారు, "కృపమ్మా, కూడిక పెట్టావు, మంచిదే. ఇప్పుడు దేవుడికి దేనికోసం వందనాలు చెప్పమంటావు?"

అందరూ నావైపే చూశారు. పాదాలవైపు చూసుకున్నాను.

"కాళ్ళు రెండూ ఉన్నందుకు, అయ్యగారూ."

ఇంటి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఆ నవ్వులో ఆయన చేసిన ప్రార్థన మాత్రం నిజమైనది. నా "ఆమేన్" అంతకన్నా నిజమైనది. సుగుణమ్మత్త నా కంచంలో తన ముక్క కూడా వేసి, "గడప దాటావులేవే. కాకపోతే ఈసారి ముందుగా చెప్పు, చేలో పరిగెత్తడానికి సరైన చెప్పులు వేసుకొస్తాం" అంది.

పావురానికి తర్వాత కొత్త రేకు వేయించాం. వెల్డింగు చేసినాయన మళ్ళీ ఊడకూడదని ట్రాక్టరు ట్రక్కుకి వేసేంత మందం రేకు వేశాడు. ఇప్పుడు అది నేను పీకకముందు ఉన్నదానికన్నా బరువెక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది.

అందుచేత, పెద్దలందరి ఎదుట, ఉలి కింద పెట్టి, కుడిచెయ్యి గుండెమీద వేసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వస్తువునీ దాని కింద ఏముందో చూడకుండా గీకను. చిల్లులకి వందనాలు చెప్పను. గెలుపు గీత దాటేదాకా బిరియానీకి చెప్పను. దాటిన తర్వాత కూడా, నన్ను దాటించింది చక్రాలో, సుగుణమ్మత్తో తేల్చుకునే చెబుతాను.