నివేదికలో లేని బ్యూగ్లర్

ఏడేళ్ల కిందట, మే నెల రెండో వారంలో, బేతంచెర్ల దగ్గరి ఒక పల్లెలో అంత్యక్రియల గౌరవ వందనం నిర్వహించే బాధ్యత నాకు అప్పగించారు. అప్పుడు నేను జిల్లా సాయుధ దళంలో రిజర్వు సబ్ ఇన్‌స్పెక్టర్‌ని. సరిహద్దులో విధుల్లో ఉండగా మరణించిన జవాను ఆ ఊరివాడు. తండ్రి నాగన్న బండల గనిలో కూలి.

గౌరవ వందనానికి ఒక పద్ధతి ఉంది. తుపాకీలు పట్టే దళం గాలిలోకి మూడు విడతలుగా ఖాళీ తూటాలు పేలుస్తుంది. ఆ తర్వాత తుపాకులను తలకిందులుగా నేలకు ఆన్చి, తలలు దించి నిలబడాలి. అప్పుడు బ్యూగిల్ అనే ఇత్తడి బాకా మీద బ్యూగ్లర్ 'లాస్ట్ పోస్ట్' ఊదుతాడు. పగటి పని ముగిసిందని శిబిరంలో చెప్పే పాత స్వరం అది. చనిపోయిన సైనికుడికి కాపలా ముగిసిందని చెప్పడానికీ దాన్నే ఊదుతారు.

బయలుదేరే ముందు దళాన్ని తనిఖీ చేయడం నా పని. బూట్లు చూశాను, బెల్టులు చూశాను, బ్యూగిల్ మెరుపు కూడా చూశాను. బ్యూగ్లర్ మూతి చూడలేదు. కానిస్టేబుల్ ఓబులేసు ముఖానికి రుమాలు కట్టుకొని జలుబన్నాడు, నమ్మాను.

పల్లెకు చేరాక రుమాలు తీశాడు. పెదవులు రెండూ కజ్జికాయల్లా ఉబ్బి ఉన్నాయి. ముందురోజు బనగానపల్లెలో బందోబస్తుకు వెళ్లి, మామిడితోటలో చెట్టు మీది కాయను కోసిన వెంటనే కొరికాడట. తొడిమ దగ్గరి సొన కారిపోయే దాకా ఆగాలని ఆ తోటల్లో చిన్నపిల్లలకూ తెలుసు. పత్తికొండ టమోటాల మధ్య పెరిగిన మా ఓబులేసుకు మామిడి మర్యాద తెలియలేదు. ఒకసారి ఊదమన్నాను. తల్లికి దూరమైన దూడ అరుపు వినిపించింది.

హెడ్ కానిస్టేబుల్ తన ఫోన్‌లో ఆ స్వరం పెట్టి మైకు దగ్గర ఉంచుదామన్నాడు. ఆయన భార్య అరగంటకొకసారి ఫోన్ చేస్తుందని దళమంతటికీ తెలుసు. ఆ ఆలోచన మానుకున్నాం.

అప్పుడు వచ్చాడు మహబూబ్ బాషా. పెళ్లి బ్యాండు ఎర్రకోటు, దాని మీద జరీ పట్టీలు, వాటి పక్కన నిజమైన సైనిక పతకాలు. చంకలో తువ్వాలుకు చుట్టిన సొంత బ్యూగిల్. పద్దెనిమిదేళ్లు సైన్యంలో బ్యూగ్లర్‌గా చేసి వచ్చాడు. పెళ్లిళ్ల కాలంలో బ్యాండులో ఊదుతాడు, మిగతా నెలల్లో పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కడుగుతాడు. చుట్టుపక్కల ఎక్కడ జవాను అంత్యక్రియలు జరిగినా వెళ్లి, అధికారులంతా పోయాక ఒక్కడే సమాధి దగ్గర ఊది వస్తాడని ఊరివాళ్లు చెప్పారు.

అతడు ఓబులేసు ముఖం పరీక్షగా చూసి, “ఏమప్పా, బనగానపల్లె కాయ తిన్యావా? సొన కార్చకుండా తింటే మూతి మనది గాదు” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, కోటు విప్పేసి ముందర నిలబడి ఊదుతానన్నాడు.

దళం జాబితాలో లేనివాడిని వరుసలో నిలబెట్టడానికి వీల్లేదని చెప్పాను. ఆ సంగతి నిజమే కానీ, పెద్ద అధికారుల ముందు మాట పడతానన్న భయం అంతకంటే పెద్ద నిజం. మైదానం పక్కన నాపరాయి బండల దొంతులున్నాయి. వాటి వెనక నుంచి అతడు ఊదాలి, ఓబులేసు ముందర బ్యూగిల్ పట్టుకొని నటించాలి. అదీ నా ఏర్పాటు.

బాషా తువ్వాలు విప్పి బ్యూగిల్ చేతిలోకి తీసుకున్నాడు. “ఊదుతా సార్. గానీ మీ కాగితంలో నా పేరు రాయల్ల.”

కర్నూలులో ఒక బడివాళ్లు బ్యాండు నేర్పే మనిషి కోసం చూస్తున్నారు. ఇప్పటికీ ఊదగలడని ప్రభుత్వ కాగితం ఏదైనా తెస్తే ఉద్యోగమిస్తామన్నారట. రాస్తానని మాటిచ్చాను.

తూటాలు పేలాయి. తలలు దించాం, నేను మాత్రం ఓరకంట ఓబులేసును చూస్తూనే ఉన్నాను. బండల వెనక నుంచి స్వరం లేచింది. నా ఉద్యోగంలో అంత శుభ్రంగా ఆ స్వరం మళ్లీ వినలేదు. సగంలో ఓబులేసుకు పెదవులు మండాయి. బ్యూగిల్ దించి, జేబులోంచి రుమాలు తీసి, తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు. స్వరం మాత్రం ఆగలేదు. దళంలో రెండు తుపాకులు సన్నగా వణకడం చూశాను. పట్టుకున్నవాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు. తల దించడం నియమం కాబట్టి అధికారులెవరూ చూడలేదు. నాగన్నకు ఆ నియమం తెలియదు. ఆయన తలెత్తే ఉన్నాడు.

అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చి, ఊదినోడు యాడుండాడని అడిగాడు. ఓబులేసును చూపించాను.

“ఆ యప్ప గాదు సార్. ఆ యప్ప మూతి తుడుచుకుంటాంటే గూడా పాట నిలబడల్యా.”

నా జవాబు కోసం ఆగకుండా బండల వెనక్కి నడిచాడు. బాషా అటెన్షన్‌లో నిలబడ్డాడు. నాగన్న అతడి రెండు చేతులూ పట్టుకొని, “నా కొడుకును సాగనంపింది నువ్వేనప్పా” అన్నాడు. నేను వాహనాల లెక్క చూసుకునే పనిలో పడ్డాను.

గౌరవ వందనం నివేదిక అదే సాయంత్రం పంపాలి. అందులో బ్యూగ్లర్ పేరుకు ఒక గడి ఉంటుంది. బాషా పేరు రాస్తే ఓబులేసు ఎందుకు ఊదలేదో రాయాలి. అది రాస్తే తనిఖీ ఎవరు చేశారన్న ప్రశ్న వస్తుంది. ఓబులేసు పేరే రాసి, 'స్వరం నిర్దుష్టం' అని చేర్చాను. నెల తిరక్కుండా మా ఇద్దరికీ ప్రశంసాపత్రాలు వచ్చాయి.

బాషా రెండుసార్లు ఆఫీసుకు వచ్చాడు. మొదటిసారి కాగితం పైకి వెళ్లిందన్నాను. రెండోసారి నేను క్యాంపులో ఉన్నానని కానిస్టేబుల్‌తో చెప్పించి, బీరువా వెనక నిలబడ్డాను. ఆరడుగుల మనిషికి ఆ బీరువా చాలదు. నా బూట్లు అతడికి కనిపించే ఉంటాయి. మూడోసారి రాలేదు. ఆ బడి ఉద్యోగం వేరొకరికి వెళ్లింది.

నిరుడు మోకాళ్ల బాధతో స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక, జరిగిందంతా రెండు పేజీల్లో రాసి, సంతకం చేసి, బేతంచెర్ల వెళ్లాను. బాషా బండలు కడుగుతున్నాడు. చేతులు తుడుచుకొని నిదానంగా చదివాడు.

“దీంట్లో అంతా నిజమే ఉండాది సార్, ముద్ర లేదు. అప్పుడు మీకాడ ముద్ర ఉండె, నిజం లేకపాయ.”

నాకు టీ తెప్పించి, మళ్లీ పనిలోకి వెళ్లాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు రెండు మాటలు చెప్పగలను. బ్యూగిల్‌ని తనిఖీ చేసేటప్పుడు ఊదేవాడి మూతి కూడా చూడాలి. ఎవరు ఊదారో ఆ సాయంత్రమే, సంతకానికి విలువ ఉన్నప్పుడే రాయాలి. ఆ తర్వాత రాసింది ఎంత నిజమైనా, దానితో ఎవరికీ ఉద్యోగం రాదు.