కాయల మీది పట్టా

మొన్న జగ్గయ్యపేట బజారులో ఒక కొట్టు ముందు కొత్త టార్పాలిన్ పట్టాలు మడతలు విప్పి పరిచారు. ఎండకు వాటి నుంచి లేస్తున్న ఘాటు వాసన తగలగానే, చేతిలో కూరగాయల సంచీతో అలాగే నిలబడిపోయాను.

వత్సవాయి దగ్గర మా ఊళ్లో మాది ఒకే గది పెంకుటిల్లు. ఎండలు ముదిరే రోజుల్లో, కౌలు చేలో కోసిన మిరపకాయలు ఇంటి వెనక ఆరబోస్తే, నేలంతా ఎర్రగా పరుచుకుని, ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ తిరిగేవాళ్లం. నాయనమ్మ ఆ కాయల పక్కనే కూర్చుని తాలుకాయలు ఏరేది, కోళ్లను అదిలించేది, మధ్యాహ్నం వేడన్నంలో పండుమిరప పచ్చడి, నూనె కలిపి నాకు ముద్దలు పెట్టేది, మట్టలాదివారం చర్చికి పోయేముందు ఈత ఆకులు చీల్చి చిన్న చిన్న సిలువలు అల్లి ఇచ్చేది.

నాకు తొమ్మిదో ఏట ఆమె బావి దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగి, ఇక మంచం దిగలేదు. కాస్త కదిలించినా కేకలు పెట్టేది.

ఆ ఏడు ఈస్టర్‌కు వారం ముందు, నాన్న గోతాల కోసం జగ్గయ్యపేట వెళ్లిన మధ్యాహ్నం, ఉన్నట్టుండి గాలివాన ముంచుకొచ్చింది. అమ్మా నేనూ కాయలు కుప్పచేసి, ఉన్న ఒక్క పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాం. అంతలోనే పక్కవాళ్ల తుమ్మకొమ్మ విరిగి మా ఇంటిమీద పడింది. పెంకులు పగిలి గదిలోకి నీళ్లు ధారకట్టాయి. మంచం ఏ మూలకు లాగినా నాయనమ్మ తడుస్తూనే ఉంది.

అమ్మ ఒక్క క్షణం కుప్ప వైపు చూసింది. తర్వాత బయటికి పోయి, వంగి రాళ్లు తీయసాగింది.

వెనక తలుపులోంచి అది చూసి నాయనమ్మ అరిచింది. "కాయల మీద తియ్యమాకే! నేనేమన్నా కరిగిపోతానా?"

"నువ్వూరుకో అత్తా" అంది అమ్మ.

అమ్మ నిచ్చెనెక్కింది. నేను కింద నుంచి పట్టా అంచు అందించి, తాడు విసిరి, ఇటుకలు ఒక్కొక్కటే పైకి మోశాను. గదిలో ధార ఆగింది. బయట మా కాయలు వానలో నానుతూ ఉన్నాయి.

సాయంత్రం నాన్న వచ్చి, గుప్పెడు కాయలు తీసి చూసి, కిందికి జారవిడిచాడు. నాలుగు రోజులకు కుప్ప నల్లబడి బూజు కంపు కొట్టింది. మరుసటి ఏడు మాకు కౌలు లేదు. అమ్మా నాన్నా పత్తి చేలల్లో కూలికి పోయారు.

ఆ వాన పడిన వారానికే, ఈస్టర్ రోజున నా ఈడు పిల్లలంతా కొత్త బట్టల్లో చర్చికి పోతుంటే, నేను పాత గౌనుతో వసారాలో నిలబడి గట్టిగా అరిచాను. "నాయనమ్మ లేకపోతే మన కాయలు తడిసేయి కాదుగా!"

అమ్మ గబుక్కున నా నోరు మూసింది. పైన పట్టా గాలికి టపటపలాడుతోంది. ఆ చప్పుడులో లోపలికి వినపడి ఉండదని నన్ను నేను నమ్మించుకున్నాను. అయినా సిగ్గుతో మళ్లీ ఆ మంచం దగ్గరికి పోలేదు, రాత్రిళ్లు కూడా వసారాలోనే పడుకునేదాన్ని. నాయనమ్మకు అమ్మే అన్నం పెట్టేది, అమ్మే తల దువ్వేది. తొలకరికి ముందే నాయనమ్మ పోయింది.

ఇప్పుడు అక్కడ ఆ ఇల్లు లేదు, ఎవరిదో డాబా ఉంది. ఇళ్ల వెనక కాయలు ఆరబోసేవాళ్లూ లేరు. నాయనమ్మను పూడ్చిన చోటు రోడ్డు వెడల్పులో కలిసిపోయింది.

బజారు నుంచి వచ్చాక, ఇన్నేళ్లూ అడగని మాట అమ్మను అడిగాను. "ఆ రోజు నేనన్నది నాయనమ్మ విన్నదా అమ్మా?"

అమ్మ గోంగూర వలవడం ఆపలేదు.

"వినకేం. 'పిల్లదాన్నేం అనమాకే, కాసేపటికి అదే వచ్చుద్దిలే' అంది. పోయేదాకా ఆ వసారా గుమ్మం వైపే తల తిప్పుకుని పడుకుంది."